బిల్లు చట్టమగు తీరు



చట్టము ఢిల్లీలో పుట్టినను దాని ఫలము గోదావరి తీరమునకు వచ్చును. 2014 మే నెలలో పోలవరము ముంపు మండలములను ఖమ్మము జిల్లానుండి నాటి ఉభయ గోదావరి జిల్లాలలో చేర్చుచు రాష్ట్రపతి ఆర్డినెన్సు జారీచేసిరి. కూనవరము, చింతూరు, కుకునూరు, వేలేరుపాడు ప్రజలు ఇల్లు కదలకయే జిల్లా మారిరి.

ఆర్డినెన్సు తాత్కాలికము. పార్లమెంటు మరల సమావేశమైన ఆరు వారములకు దాని ఆయువు తీరును. అందుచే బిల్లు వచ్చెను. జూలై 11న లోక్‌సభయు, 14న రాజ్యసభయు ఆమోదింపగా, రాష్ట్రపతి సమ్మతితో అది చట్టమయ్యెను.

ప్రతి సభయందును బిల్లునకు మూడు పఠనములు గలవు. మొదటిది ప్రవేశము. రెండవదానియందు ఆశయముపై చర్చ జరిగి, పిదప ఒక్కొక్క నిబంధనకు సవరణలు వచ్చును. మూడవది తుది ఆమోదము. రాష్ట్ర సరిహద్దులు మార్చు బిల్లుపై ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయము కోరవలెనని రాజ్యాంగము 3వ అధికరణము చెప్పును. కాని ఆ అభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడవలసిన పని లేదు.

కావున మాట మార్చుటకు వీలున్న కాలము రెండవ పఠనమే. గెజెట్టులో పడిన పిదప చదువుట ఆజ్ఞను తెలిసికొనుటకు మాత్రమే. బిల్లు సభయందుండగనే పత్రికలలో చదివి, మన సభ్యునకు జాబు వ్రాయుదము. పాతికేండ్ల ఈ గ్రంథాలయపు బల్లలు అందులకు చాలును.