పాటకు ఉప్పు సరిచూడటం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడి పాత వార్షికోత్సవాల పాటల్ని క్యాసెట్ల నుంచి బయటికి తీసి, ఈ తరం ఫోన్లలో వినేలా తేవాలని సంఘం తీర్మానించింది. నేను సౌండ్ ఇంజనీరును కాబట్టి మాస్టరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

గొంతు ఎంత, తబలా ఎంత, హార్మోనియం ఎంత అని పాళ్లు కుదర్చడం మిక్సింగ్. అలా కలిపిన పాటను కారులో విన్నా, ఫోన్‌లో విన్నా చెడకుండా, పక్క పాటతో పొందికగా ఉండేలా చివరగా దిద్దడం మాస్టరింగ్. కూర దించేముందు ఉప్పు సరిచూడటం లాంటిదన్నమాట. వంకాయే ఉడకకపోతే ఉప్పేం చేస్తుంది? గొంతు వినపడకపోతే మళ్లీ మిక్సింగ్‌కే వెళ్లాలి.

అందరూ అడిగేది ఒకటే: "సార్, ఇంకాస్త గట్టిగా మోగాలి." దానికి కంప్రెసర్, లిమిటర్ ఉన్నాయి. పెద్ద శబ్దాన్ని అణిచి, మొత్తాన్ని పైకి లేపుతాం. మోతాదు మించితే తబలా దెబ్బ చప్పబడుతుంది. మెల్లగా పాడిన చోటుకీ, ఎలుగెత్తి పాడిన చోటుకీ తేడా పోతుంది. 2008లో మెటాలికా వాళ్ల 'డెత్ మాగ్నెటిక్' ఇలాగే వస్తే, మళ్లీ మాస్టరింగ్ చేయమని అభిమానులే సంతకాలు సేకరించారు. ఇప్పుడైతే ఆ పందెంలో లాభం కూడా లేదు. స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి సర్దుతుంది. మీరు ఎంత గట్టిగా పంపినా అది తగ్గించేస్తుంది. తబలా దెబ్బ మాత్రం తిరిగి రాదు.

ఇంట్లో రికార్డు చేసుకునే పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. మిక్స్‌ను 24 బిట్ల వేవ్ ఫైలుగా ఇవ్వండి, ఎంపీ3 వద్దు. అతి పెద్ద శబ్దం కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. మాస్టర్ ఛానల్‌లో లిమిటర్ తీసేయండి. మీకు నచ్చిన పాటతో పోల్చి చూసేటప్పుడు రెండింటి వాల్యూమూ సమానం చేసుకోండి. గట్టిగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. రాత్రి పన్నెండింటికి నిర్ణయాలు చేయకండి, పొద్దున విని చూడండి.

ఇక మన క్యాసెట్లు. వాటిలో 'స్‌స్‌' మనే హోరు ఉంటుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో దాన్ని తుడిచేయగలదు. నేను ఒప్పుకోనిది అక్కడే. తంబురా జీవం కూడా దానికి హోరులాగే కనిపిస్తుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, చరణం చివర సన్నగా జారే ఆ అచ్చును కూడా కోసేస్తుంది. సంగీతం మేడం గారి గొంతు నున్నగా ప్లాస్టిక్‌లా వినపడటం కంటే కొంచెం హోరుతో వినపడటమే నాకిష్టం. కమిటీలో కొందరు ఒప్పుకోలేదు. రెండు రకాలూ చేసి మేడం గారికే వినిపిస్తాం, ఆవిడ ఏదంటే అది.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు చేయాల్సింది స్క్రూడ్రైవర్ పని. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, ప్రతి క్యాసెట్‌కూ దాని వంపు సరిచేయాలి. అది కుదిరితే మూసుకుపోయిన గొంతు తెరుచుకుంటుంది. తర్వాత ఎన్ని మీటలు తిప్పినా ఆ స్పష్టత రాదు.

ఎవరింట్లోనైనా అలాంటి క్యాసెట్లుంటే దయచేసి పాత ప్లేయర్లో పెట్టి చూడకండి. టేపు చుట్టుకుపోతే తెగుతుంది. పైన ఏ సంవత్సరమో రాసి, భోజనాల దగ్గర నాకు ఇవ్వండి.