భాషా పరిశోధకులకు ఉమ్మడి శిక్షణ

కృష్ణా డెల్టాలో మాసూళ్ళు జరిగే రోజులలో వ్యవసాయదారుల కార్యక్రమానికై మేము పొలాలకు వెళ్ళుతూ ఉంటాము. ఒకచోట కోతయంత్రం పని చేస్తూ ఉండగా, గట్టున నిలిచిన వృద్ధ రైతును పూర్వపు పద్ధతిని గూర్చి చెప్పుమని అడిగినాము. పన, మోపు, కుప్ప, నూర్పు, తూర్పారబట్టడం అంటూ ఆయన ఒక్కొక్క మాటకు తగిన పనిని చేతులతో చేసి చూపినాడు. ప్రక్కన ఉన్న మనుమడు నవ్వి, "ఇప్పుడు అవన్నీ ఆ యంత్రమే చేస్తున్నది గదా, తాతయ్యా!" అన్నాడు. అతని మాట నిజమే. కాని పని పోయినప్పుడు దానిని అంటిపెట్టుకొని ఉన్న మాట కూడా పోతుంది. ఈ మాటలను శాస్త్రీయంగా వ్రాసి భద్రపరచగలవారు ఎవరు? అట్టివారిని తయారు చేయవలసినది ఎవరు? ఈ రెండు ప్రశ్నలను శ్రోతల ముందు ఉంచదలచినాము.

ఈ పని ఒకప్పుడు మన రాష్ట్రంలో ఘనంగానే ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడినవి. గ్రామాలలో వృత్తులవారి నోట విన్న మాటలను, ఏది ఏ ప్రాంతానిదో సూచిస్తూ అందులో కూర్చినారు. ఈ కృషికి పునాది వేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఒంగోలులో జన్మించి, 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖ 1962లో ఆయన నాయకత్వాననే ఏర్పడినది.

అదే కాలంలో దేశం మొత్తంమీద మరొక ప్రయత్నం జరిగినది. పూణెలోని డెక్కన్ కళాశాల, రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయంతో, 1954 మొదలుకొని కొన్ని సంవత్సరాలపాటు భాషాశాస్త్ర పాఠశాలలు నడిపినది. వేరువేరు భాషలవారు ఒక్కచోట చేరి, ధ్వనులను గుర్తించడం, లిపిలో వ్రాయడం, వ్యాకరణాన్ని విశ్లేషించడం ఒకే పద్ధతిలో అభ్యసించినారు. దూరదూరాన ఒంటరిగా ఉన్న పరిశోధకులకు అది ఒక కుటుంబాన్ని కల్పించినది. 1969లో మైసూరులో భారతీయ భాషల కేంద్రసంస్థ వెలసినది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చినది.

మరి ఇన్ని సంస్థలు ఉండగా కొరత ఏమిటని అడుగవచ్చును. సంస్థలు ఉన్నవి, వాటిని కలిపే కాలువలు చాలవు. ఆనకట్ట కట్టినంతనే పొలం తడవదు. ప్రధాన కాలువ నుండి పంటకాలువకు, పంటకాలువ నుండి బోదెకు నీరు దిగినప్పుడే మడి తడుస్తుంది. నేడు భాషపై పరిశోధన చేసే విద్యార్థికి తన పర్యవేక్షకుడు ఎంత నేర్పగలిగితే అంతే ప్రాప్తి. 2009లో వచ్చిన నిబంధనలలో విశ్వవిద్యాలయాల ధనసహాయ సంఘం పరిశోధక విద్యార్థులకు పాఠ్యబోధనను తప్పనిసరి చేసినది. మంచిదే. కాని క్షేత్రపరిశోధన నేర్పేవారు ఒకచోట, ధ్వనిశాస్త్రం నేర్పేవారు మరొకచోట ఉన్నప్పుడు, ఒక శాఖలోని పాఠ్యబోధన ఎంతవరకు సరిపోగలదు?

శిక్షణ లేకపోతే కలిగే నష్టం ఎట్టిదో మా అనుభవం నుండే చెప్పగలము. "నాట్లు ఎప్పుడు వేస్తారు?" అని మేము ఒక రైతును అడిగినాము. ఆయన మర్యాదకొలది, "నాట్లు ఫలానా నెలలో వేస్తామండీ" అని జవాబు చెప్పినాడు. మైకు ప్రక్కకు పెట్టిన తరువాత, తన పాలేరుతో "ఊడ్పులకు మనుషులు దొరికినారా?" అని అడిగినాడు! ఆయన మాటను మా మాట మింగివేసినది. అడగడం ఒక విద్య. వస్తువును చూపి పేరు చెప్పించవలెను. పనిని చూస్తూ వినవలెను. ఒకే మాటను పలు గ్రామాలలో, పలు వయస్సులవారి వద్ద సరిచూడవలెను. ఇది పుస్తకంవల్ల అబ్బేది కాదు.

ఈ ప్రాంతంవారికి మరొక చిక్కు కూడా ఉన్నది. భాషావేత్తలు తెలుగును నాలుగు మండలాలుగా విభజించినారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల భాషను మధ్య మాండలికమన్నారు. ఆధునిక రచనాభాషకు ఇదే ముఖ్యమైన ఆధారం. కనుక "మాది అసలు భాష, మాండలికం ఇతరులది" అనే భ్రమ మనకు సులభంగా కలుగుతుంది. సార్వా, దాళ్వా, బోదె వంటి మాటలను ఎవరో ఒకరు వ్రాసే ఉంటారులే అని మనము ఊరుకుంటాము.

పదిహేడవ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు మన మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టి ఇక్కడి వస్త్రాలను కొనుక్కొని పోయినారు. ఆ దేశం నుండి నేడు మనము ఒక ఏర్పాటును తెచ్చుకొనవచ్చును. మన డెల్టావలెనే నదీముఖాన ఉన్న పల్లపు దేశమది. వైశాల్యంలో నేటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగవ వంతు. అక్కడి విశ్వవిద్యాలయాలు కలిసి భాషాశాస్త్రానికి 'లాట్' అనే జాతీయ పరిశోధనా పాఠశాలను నడుపుతున్నవి. ప్రతి విద్యార్థి తన విశ్వవిద్యాలయంలోనే, తన గురువు వద్దనే ఉంటాడు. శీతకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి రెండేసి వారాలు అందరూ ఒకచోట చేరి నేర్చుకుంటారు. సిద్ధాంతవ్యాసాలు కూడా ఒకే గ్రంథమాలగా వెలువడుతున్నవి.

ఇందులో మనకు అసాధ్యమైనది ఏదీ కనబడదు. హైదరాబాదు, మైసూరు, కుప్పం, విశాఖపట్నం ఒక్క ఒప్పందానికి వచ్చి, ఏటా ఒక పాఠశాలను పల్లెకు దగ్గరగా పెట్టవచ్చును. దివిసీమ పొలాలలో ఒక ఏడు, పెడన కలంకారీ పనివారి మధ్య ఒక ఏడు. సేకరించిన ధ్వనులను, వ్రాతలను అందరికీ అందుబాటులో ఉంచవలెను. గిడుగు రామమూర్తిగారు ఒంటరిగా సవర భాషను నేర్చి, దాని వ్యాకరణాన్ని, నిఘంటువును లోకానికి ఇచ్చినారు. అట్టి ఏకలవ్యులకు మనము నమస్కరింతుము. కాని ప్రతి విద్యార్థినీ ఏకలవ్యుడు కమ్మని విడిచిపెట్టడం విద్యావ్యవస్థ అనిపించుకోదు.

ఆ వృద్ధ రైతు చెప్పిన మాటలు మా రికార్డులో కొద్ది నిమిషాలు మాత్రమే ఉన్నవి. ఆయనకు తెలిసినది ఒక గ్రంథమంత. వచ్చే మాసూళ్ళకు ఆయన గట్టుమీద ఉన్నంతలోనే, అడగడం తెలిసిన ఒక విద్యార్థి ఆయన ప్రక్కన కూర్చుండవలెనని మా కోరిక.