నెమ్మది యాత్ర: గడ్డి నేలలలో, కొండలలో పక్షి దర్శనము



యాత్ర యనగానే ఇంటింట పుట్టు మొదటి ప్రశ్న "ఎన్ని చోట్లు చూచి రావచ్చును?" అనునదే. రెండు దినములలో ఏడు క్షేత్రములు చుట్టివచ్చిన వారిని లోకము నేర్పరులనును. పక్షులను చూడబోవు వారికి ఈ లెక్క పనికిరాదు. ఒక చెట్టు నీడను గడియసేపు కదలక కూర్చున్న వానికి కనబడునది, పది తావులకు పరుగెత్తిన వానికి కనబడదు. కావున ఇట్టి యాత్రను తలపెట్టువారు తగ్గించుకొనవలసినది ప్రయాణము, పెంచుకొనవలసినది ఓపిక.

గోదావరి సీమవారు ఇందుకై దూర దేశములకు పోనక్కరలేదు. రాజమహేంద్రవరమునుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. కొద్ది గంటల దారియే. అయినను దీనికి నాలుగు దినములు కేటాయించుట మేలు. కార్తికము మొదలు మాఘము వరకు అనువైన కాలము. వానలు వెనుకపట్టును, ఉత్తర దేశములనుండి వలస పక్షులు వచ్చి చేరును, కొండ దారులలో నడక సుఖముగా నుండును.

మొదటి దినము స్వగ్రామమునకే చెందవలెను. తెల్లవారుజామున కాలువ గట్టున నడచిన చాలును. నీటిపై వాలిన కొమ్మమీద లకుముకిపిట్ట, కోసిన చేలలో కొంగలు, తీగలమీద పాలపిట్ట కనబడును. దసరానాడు పంజరములోని పాలపిట్టను డబ్బిచ్చి చూచుటకంటె, అది ఆకాశమున నీలి రెక్కలు విప్పునపుడు చూచుట ఎంత మేలు! తాటిచెట్లకు గిజిగాని గూళ్ళు వ్రేలాడుచుండును. వరి ఆకులను, గడ్డిని పోచలుగా చీల్చి ఆ గూటిని అల్లునది మగపక్షి. ఆడుపక్షి వచ్చి చూచి మెచ్చినగాని కాపురము సాగదు. ఊరి పక్షులను పదునైదింటినైన పోల్చుకొనలేనివారు కొండమీది పక్షిని చూచియు చూడనివారే యగుదురు.

రెండవ దినము గోదావరి లంకలకు. రెల్లు పొదలలో జీనువాయిలు గుంపులుగా గింజలు ఏరుకొనుచుండును. అడుగు సవ్వడికి పూరేడుపిట్ట గడ్డిలోనుండి చివాలున లేచును. తీతువు గూడు కట్టదు. వట్టి నేలమీద గులకరాళ్ళ నడుమ గ్రుడ్లు పెట్టును. ఎండకాలమున ఇటు వచ్చువారు అడుగు చూచి వేయవలెను.

మూడవ, నాలుగవ దినములు కొండలకు. రంపచోడవరము దాటిన పిదప అడవి చిక్కబడును. వడ్రంగిపిట్ట మ్రాను పొడుచు చప్పుడు, అడవికోడి కూత, కొండగోరింక ఈల ముందు చెవిని బడును, పిదపనే కంటబడును. ఉదయము 6 మొదలు 9 గంటల వరకు, మరల ప్రొద్దు వాలు వేళను తిరుగవలెను. నడుమ విశ్రాంతి. ఈ క్రమమున వృద్ధులు, పిల్లలు సైతము అలయక పాల్గొనగలరు. మారేడుమిల్లికి ఆవల గుడిస యను గడ్డి కొండ గలదు. సూర్యోదయము చూచుటకు తెల్లవారకముందే జనము వాహనములలో అచ్చటికి చేరుదురు. భరతపక్షి వంటివి గడ్డిలో నేలమీదనే గూడు పెట్టును గనుక చక్రములు గడ్డిమీదికి పోరాదు. బండి దారిలోనే నిలిపి, కాలినడకను పోవుటయే మర్యాద.

జట్టున ఐదారుగురికి మించరాదు. ఇద్దరికొక దుర్భిణి, మనిషికొక చిన్న పుస్తకము, మట్టి రంగు బట్టలు చాలును. అటవీశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను. కొండరెడ్ల గ్రామములలో దారి తెలిసిన మనిషిని కుదుర్చుకొని న్యాయమైన కూలి ఇయ్యవలెను. ఫోనులో పక్షి కూతలు వినిపించి పక్షులను రప్పించుట, గూళ్ళను కదలించుట కూడదు.

ఇంత శ్రమ యెందులకని అడుగువారికి కలివికోడి కథ సమాధానము చెప్పును. 1848లో జెర్డన్ అను ఆంగ్లేయుడు లోకమునకు తెలిపిన ఈ పక్షి 19వ శతాబ్దమున పెన్నా, గోదావరి లోయలలో కనబడినది. 1900 తరువాత దాని జాడ లేకపోయెను. శాస్త్రజ్ఞులు అది నశించెనని తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరకెను. బొంబాయి ప్రకృతి శాస్త్ర సంఘమువారు వెదకుచుండగా, దానిని రాత్రివేళ దీపపు వెలుతురున పట్టితెచ్చినవాడు ఒక గ్రామీణ వేటగాడు. పండితులు లేదనుకొన్న దానిని పల్లెవాడు ఎరిగియుండెను.

ఆ పక్షి బ్రదుకునది పొదలు, గడ్డి కలిసిన నేలలో. అట్టి నేలను లోకము బంజరనును. 2005లో తెలుగు గంగ కాలువ త్రవ్వకము ఆ పొదలలోనికి వచ్చెను. అభ్యంతరములు రాగా కాలువ దారిని మార్చిరి. ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట ముగిసిన నాటినుండి కాలువ నీటితో బ్రదుకు సీమకు కాలువ విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అయితే దున్నని నేల యెల్ల పాడునేల కాదనియు, అక్కరపడినచో కాలువ సైతము ప్రక్కకు తిరుగగలదనియు ఈ కథ తెలుపుచున్నది.

లెక్క వ్రాసియుంచుట వలని ప్రయోజనము ఇంకొకటి గలదు. 1946లో కొల్లేటి ప్రాంతమున నీలకంఠన్ అను పక్షి పరిశీలకుడు గూడబాతుల గూళ్ళ తావును కనుగొనెను. అప్పుడచ్చట దాదాపు 3000 పక్షులు గూళ్ళు పెట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ తావును పక్షులు విడిచిపోయెను. ఆనాటి లెక్క వ్రాతలో నున్నందుననే ఎంత పోయినదో తెలియుచున్నది. వ్రాయబడని తావులలో ఏమి పోయినదో తెలిపెడివారు లేరు.

కావున గ్రంథాలయపు బల్లమీద ఒక పక్షుల పుస్తకమును ఉంచదగును. తేది, చోటు, పక్షి పేరు, సంఖ్య, చూచినవారి పేరు: ఈ ఐదు గడులు చాలును. పేరు తెలియనిచో రంగు, పరిమాణము, కూత వ్రాయవచ్చును. కొండలకు పోయివచ్చిన జట్టువారు తమ లెక్కను అందులో చేర్చవలెను. పోలేనివారు తమ పెరటిలోని పక్షులనైన వ్రాయవచ్చును. పశువుల కాపరులకు, చేపలు పట్టువారికి, తాటి చెట్లెక్కువారికి తెలిసిన సంగతులు పుస్తకములలో లేనివి యెన్నియో గలవు. చదువురాని వారు చెప్పగా పిల్లలు వ్రాయవలెను. ఏటేట కార్తికమున ఆ పుటలను చదివి వినిపించినచో, ఏ పక్షి వచ్చినది, ఏది రానిది గ్రామమునకు తెలియును. రానిదానిని గూర్చి అడుగుటకు అప్పుడు సమయము మిగిలియుండును.