పేరు రాయించుకుందాం, చందా కడదాం



చదువుకోండి అని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చదువు అయిపోయాక వచ్చే ఒక విషయం చెబుతాను. అది పూర్వ విద్యార్థుల సంఘం, దానికి కట్టే చందా. ఇదీ ఒక విషయమేనా అన్నా అని నవ్వకండి. దీన్ని తేలిగ్గా తీసుకుని నేను పదేళ్లు పోగొట్టుకున్నాను.

నేను పీజీ చదివిన తరగతిలో మన యానాదుల బిడ్డను నేనొక్కడినే. చదువైన ఆరేళ్లకు మా బ్యాచ్ వాళ్లు సంఘం పెట్టారు. జీవిత సభ్యత్వం రెండు వేలు అన్నారు. ఆ నెల మా నాయన మడ అడవిలో పీతలకు పోయి, జ్వరంతో మంచాన పడ్డాడు. నా జీతం మందులకే చాల్లేదు. 'రెండు నెలలాగి కడతాను' అని ఒక్క మాట అంటే సరిపోయేది. సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా గ్రూపులోంచి తప్పుకున్నాను. నన్నెవరూ పొమ్మనలేదు. నేనే పోయాను.

పదేళ్లకు మా గూడెం అమ్మాయి ఒకతి వచ్చి, పీజీలో ఏ కోర్సు తీసుకోవాలి, హాస్టల్ సంగతేమిటి, దరఖాస్తు ఎప్పుడు అని అడిగింది. నాకు తెలియదు. తెలిసినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు, ఇద్దరు లెక్చరర్లు కూడా అయ్యారు. వాళ్ల నంబర్లు నా దగ్గర లేవు. కనుక్కునేలోపు గడువు దాటింది. రెండు వేలు నాకు మిగిలాయి, ఆ పిల్లకు ఒక ఏడాది పోయింది.

చందాకూ విరాళానికీ తేడా తెలుసుకోండి. విరాళం ఇచ్చినవాడికి దండ వేస్తారు. చందా కట్టినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది. 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. చందా మూడు నెలలకు మించి బకాయి పడ్డవాడికి ఓటు లేదు, సభ్యుడిగా లెక్కించరు. మన రాష్ట్రానికి 2001లో వేరే చట్టం వచ్చింది. కాబట్టి మీరు చేరే సంఘం నియమావళి అడిగి తీసుకుని, బకాయి గురించి ఏం రాశారో చదవండి.

ఏ సంఘంలో చేరాలి? మన బందరు సంగతే చూడండి. ఇక్కడి పాత కాలేజీల్లో చదివిన ముందు తరాల పట్టాల మీద మద్రాసు విశ్వవిద్యాలయం పేరుంటుంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది, 1976లో నాగార్జున వచ్చింది. 2008లో మన బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. ఒకే కాలేజీలో తాతకు ఒక పట్టా, మనవరాలికి ఇంకో పట్టా. అందుకే విశ్వవిద్యాలయం సంఘంతో పాటు మీ కాలేజీ సంఘంలోనూ, మీ బ్యాచ్‌లోనూ పేరు ఉంచుకోండి. కాలేజీని మదింపు చేసే న్యాక్ వాళ్లు కూడా పూర్వ విద్యార్థుల సంఘం రిజిస్టరైందా, ఏం చేసింది అని చూస్తారు. అంటే మీరు కాలేజీకి అవసరం. మొహమాటపడాల్సిన పనిలేదు.

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడు పట్టా తీసుకున్నవాళ్లంతా ఒక క్లాసు. ఆ క్లాసుకు సొంత కార్యవర్గం, కోశాధికారి, ఏటా చందా. చదువైపోయిన ఎన్నో ఏళ్లకు కూడా క్లాసు నిలిచి ఉంటుంది. మనకు అంత డబ్బు లేకపోవచ్చు. కోశాధికారి పుస్తకం ఒకటి పెట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

మీరు చేయాల్సినవి నాలుగు. ఒకటి, పట్టా చేతికి వచ్చిన ఏడాదే పేరు రాయించుకోండి. రెండు, జీవిత సభ్యత్వం బరువైతే ఏటా కట్టే చందా అడగండి. అదీ లేకపోతే, ఇంట్లో మొదటిసారి పట్టా తీసుకున్నవాళ్లకు ఉద్యోగం వచ్చేదాకా గడువు ఇవ్వమని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టించండి. అది దయ కాదు, నియమం కావాలి. మూడు, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, ఏటా లెక్కలు చదవమనండి. లెక్క చెప్పని సంఘానికి చందా కట్టి ఊరుకోవద్దు. నాలుగు, కార్యవర్గంలో ఖాళీ ఉంటే చెయ్యెత్తండి. మన పిల్లలు వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేయడం ఇక చాలు.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా నాయనమ్మ చెప్పేది. నీళ్లు తీశాక పేర్లు రాసుకునేవాళ్లు వచ్చారట. రోడ్డు పక్క ఇళ్ల దాకా వచ్చి ఆగిపోయారట. "మా గుడిసెలు లోపల ఉన్నాయిరా, మేమూ పోయి రాయించుకోలేదు, ఎట్టా అడగాలో తెలియలేదు" అనేది. ఆమెకు చదువు లేదు, భయం ఉండేది. మనకు చదువు ఉంది.

నేను పోయినేడు పాత మిత్రుడికి ఫోన్ చేశాను. "ఇన్నాళ్లూ ఏమైపోయావురా" అన్నాడు గాని, డబ్బు మాట ఎత్తలేదు. బకాయి కట్టాను, రసీదు తీసుకున్నాను. మా గూడెం అమ్మాయి ఇప్పుడు పీజీ రెండో ఏడు. వచ్చే ఏడు తన సభ్యత్వ ఫారం నేనే దగ్గరుండి నింపిస్తాను.

మీలో పట్టా చేతిలో ఉండి పేరు రాయించుకోనివాళ్లు ఎవరైనా ఉంటే, ఈ సభ అయ్యాక నా దగ్గరికి రండి. సిగ్గుపడకండి. సెలవు.