మునగకూ ఆవాలకూ చుట్టరికం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిలు, వైద్య ఖర్చుల గురించి ఎలాగూ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను రిటైరయ్యాక చదివిన కొత్త విషయమేదైనా చెప్పమన్నారు. అందుకే పూలమొక్కల చుట్టరికాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను శాస్త్రవేత్తను కాను, ఫైళ్ల మధ్య జీవితం గడిపిన గుమాస్తాను. అయితే ఈ విషయం మనబోటి వాళ్లకే త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

వంటింట్లో ఆవాలు, పెరట్లో మునగ, బొప్పాయి. ఈ మూడింటికీ పోలికేమిటి? ఆవ మొక్క ఒక్క పంటకాలంలో ముగిసిపోతుంది. మునగ కొమ్మలు వేసే చెట్టు. బొప్పాయి నిటారుగా పెరిగి తలమీద ఆకుల గొడుగు పడుతుంది. బెంథాం, హుకర్ అనే ఇంగ్లాండు పండితులు 1862–1883 మధ్య ప్రచురించిన ఉద్గ్రంథంలో ఆవాలను ఒక చోట, బొప్పాయిని ప్యాషన్ ఫ్రూట్ తీగ సరసన ఉంచారు. మునగను ఎటూ సరిగా ఇమడనిదిగా చూపారు. ఏ సెక్షనూ తనది కాదనే ఫైలు ప్రతి ఆఫీసులోనూ ఒకటుంటుంది కదా! మన దేశంలో విద్యార్థులు తరతరాలుగా ఆ పద్ధతినే చదివారు.

అయితే ఈ మూడింటిలో ఒక ఉమ్మడి గుణం ఉంది. ఆవాలు నూరితే ఘాటు. మునగ వేరు నలిపితే ఘాటు. బొప్పాయి గింజ కొరికినా ఘాటే. గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు, నలిగినప్పుడు ఒక ఎంజైముతో కలిసి ఈ ఘాటును పుట్టిస్తాయి. రాల్ఫ్ డాల్‌గ్రెన్ అనే వృక్షశాస్త్రవేత్త 1970లలో, ఈ ఘాటు ఉన్న మొక్కలన్నీ ఒకే వర్గమని ప్రతిపాదించారు. ఆ మాట అందరికీ రుచించలేదు. 1981లో అమెరికాకు చెందిన క్రాన్‌క్విస్ట్ ప్రచురించిన వర్గీకరణలో కూడా బొప్పాయి ఆవాలకు దూరంగానే ఉండిపోయింది.

ఈ వివాదాన్ని తేల్చింది మొక్కల సర్వీసు రిజిస్టరు, అంటే జన్యువు. అదెలాగో చెబుతాను. పూర్వం ఒక సర్క్యులర్ వస్తే నకళ్లు తీసేవాళ్లం. ఆ నకళ్ల నుంచి తాలూకాల్లో మళ్లీ నకళ్లు తీసేవారు. ఎక్కడో ఒక టైపిస్టు ఒక అక్షరం తప్పు కొడితే, ఆ ప్రతి నుంచి పుట్టిన నకళ్లన్నిటిలోనూ అదే తప్పు ఉంటుంది. తప్పులను పోల్చి చూస్తే ఏ నకలు దేని నుంచి వచ్చిందో చెప్పవచ్చు. జన్యువులూ అంతే. తరం నుంచి తరానికి నకలు అయ్యేటప్పుడు అక్షరాలు మారతాయి. ఒకే మార్పులు అనేకం పంచుకున్న మొక్కలు ఒకే పూర్వీకుని సంతానం.

పచ్చని మొక్కలకు గాలిలోని కార్బన్ డయాక్సైడును ఆహారంగా మలచుకోవడానికి తోడ్పడే ఆర్‌బీసీఎల్ అనే జన్యువు ఒకటుంది. 1993లో మార్క్ చేజ్, ఆయన సహచరులు 499 విత్తన మొక్కల్లో ఈ జన్యువును పోల్చి వంశవృక్షం ప్రకటించారు. అదే దశాబ్దంలో ఘాటు మొక్కలను ప్రత్యేకంగా పరిశీలించినవారు ఆవాలు, మునగ, బొప్పాయి ఒకే వంశమని తేల్చారు. 1998లో వెలువడిన కొత్త అంతర్జాతీయ వర్గీకరణలో ఈ మూడూ ఒకే క్రమంలో చేరాయి.

ఒక్క మినహాయింపు మిగిలింది. పుత్రజీవి చెట్టుకు, దాని దగ్గరి చుట్టాలకు ఘాటు ఉన్నా, ఆ వంశంతో సంబంధం లేదు. దానికి ఘాటు విడిగా అబ్బింది. మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర పేరు ఆ చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్నది. రూపం కలవకపోయినా చుట్టరికం ఉండవచ్చు. గుణం కలిసినా చుట్టరికం లేకపోవచ్చు. రెండింటికీ రికార్డే సాక్ష్యం.

డాల్‌గ్రెన్ 1987లోనే కన్నుమూశారు. తన నోట్‌ఫైలు మీద అనుకూలమైన ఉత్తర్వు ఆయన చూడలేదు. అర్హమైన బకాయి వారసుల చేతికి అందిన కుటుంబాలు మన సంఘంలోనూ ఉన్నాయి గనుక, ఆ బాధ నేను వివరించనక్కరలేదు. కానీ ఆయన తన వాదాన్ని కారణాలతో సహా కాగితం మీద పెట్టి వెళ్లారు. అందుకే తరువాతివారు దాన్ని పరీక్షించగలిగారు.

2024లో లండన్ క్యూ ఉద్యానవనం శాస్త్రవేత్తలు, అనేక దేశాలవారితో కలిసి, 9,500కు పైగా జాతులను 353 జన్యువులతో పోల్చి మరింత విస్తృతమైన వంశవృక్షాన్ని ప్రకటించారు. అందులో సుమారు 200 ఏళ్ల కిందట నేపాల్‌లో సేకరించి భద్రపరచిన ఒక ఎండు మొక్క కూడా సాక్ష్యం చెప్పింది. దాన్ని అట్టకు అంటించి, పేరు, ఊరు రాసిన ఉద్యోగికి జన్యువు అనే మాటే తెలియదు. తన పని తాను శ్రద్ధగా చేశాడు, అంతే.

మిత్రులారా, మనలో ఎందరో అటువంటి పనే చేశాం. పాత కాగితాలను చెత్త అనేవారికి ఈ సంగతి చెప్పండి. మనుమలు మీ కాలపు పుస్తకానికి భిన్నంగా మొక్కల కుటుంబాలు చెబితే కోప్పడకండి. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు ఫైలు తిరిగి తెరవడమే సక్రమమైన పద్ధతి.