ఆంగ్ల నవలలలో పెండ్లిపద్దు



ఈ రజతోత్సవ సందర్భమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను పండితుడను గాను; లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. ఈ గ్రంథాలయమునుండియే కొన్ని ఆంగ్లనవలలను గొనిపోయి, నిఘంటువును ప్రక్కనుంచుకొని చదివితిని. వృత్తిధర్మము కాబోలు, వానిలో ప్రేమగాథలకంటె ముందు నాకు అంకెలే కనబడినవి. వానిని గూర్చియే మనవి చేసెదను.

జేన్ ఆస్టెన్ 1813లో ప్రకటించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడుడు. బెన్నెట్ అను గృహస్థునకు ఏటికి 2,000 పౌనుల రాబడి గల భూమియు, ఐదుగురు కుమార్తెలును గలరు, కొడుకు లేడు. పూర్వపు కట్టడినిబట్టి భూమి పురుషులకే చెందవలెను గాన, ఆయన యనంతరము కాలిన్సు అను దాయాదికి పోవును. తల్లికిని బిడ్డలకును ఏర్పరచిన 5,000 పౌనులను పంచినచో తలకు 1,000. నూటికి నాలుగు వడ్డీ చొప్పున ఏటికి 40 పౌనులు. అదియు తల్లి గతించిన పిమ్మటనే. ఆ కాలిన్సే పెండ్లాడెదనని రాగా, రెండవ కుమార్తె ఎలిజబెత్తు నిరాకరించినది. ఆమె స్నేహితురాలు, 27 ఏండ్ల షార్లెట్, అతనిని అంగీకరించినది. షార్లెట్టును నిందించుట సులభము. ఆమె లెక్క తప్పలేదు. ఆ లెక్కలో ఆమె పేర ఆస్తియే లేదు.

ఇది పరదేశపు కథయని త్రోసివేయ వీలులేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డుస్మిత్తుని 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు'ను చదివి, దాని ఛాయలతో మన ధవళేశ్వరపు గృహస్థుని కథగా 'రాజశేఖర చరిత్రము'ను సంతరించిరి. అది 1880లో పుస్తకమైనది. అక్కడను ధనము పోగానే చుట్టములు దూరమైరి. కుమార్తె రుక్మిణికి మగడు పోయెనను వార్త వచ్చుటతోనే లోకమున ఆమె స్థానము మారిపోయినది. థేమ్సు నదికిని గోదావరికిని నీరు వేరైనను పద్దు ఒక్కటే.

గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చైన 'కన్యాశుల్కము'నకు వ్రాసిన పీఠికలో ఒక పట్టిక ప్రస్తావన కలదు. విశాఖపట్టణమండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1,034. అందు ఏడాది వయసు బిడ్డలు ముగ్గురు. వారి వెల 350 మొదలు 400 రూపాయలు. నేను చూచిన జాబితాలలో ఇంతటి క్రూరమైన జాబితా మరియొకటి లేదు. ఆనాడు కన్యకు వెల కట్టిరి. ఈనాడు వరునకు కట్టుచున్నాము. వరకట్న నిషేధచట్టము 1961లోనే వచ్చినను, మన తాడేపల్లిగూడెము ప్రాంతమున సంబంధములమాట ఎకరములతోనే మొదలగుచున్నది గదా!

చట్టము మారినదందురేమో. నిజమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమభాగమిచ్చినది. ఉమ్మడి ఆస్తిలోను హక్కు మన రాష్ట్రమున 1985 నుండియు, దేశమంతట 2005 నుండియు వచ్చినది. కాగితముమీద పద్దు సరిపడినది. ఇంటిలో సరిపడినదా?

నా తప్పునే చెప్పెదను. మా తండ్రిగారు గతించిన పిమ్మట మా అక్కగారి హక్కు విడుదల పత్రమును నేనే వ్రాసితిని. పసుపుకుంకుమల క్రింద మునుపే ఇచ్చితిమి గదా యని అందరును అనిరి. ఆమెను అడిగినవారు లేరు. ఆమె చదువకయే సంతకము చేసి, "పుట్టింటి గడప ఉంటే చాలు తమ్ముడూ" అన్నది. ఆనాడది ఔదార్యమని మురిసితిని. షార్లెట్ కథ చదివినపిదప ఆ మాటలోని భయము తెలిసినది. భాగమడిగినచో గడప మూతపడునని ఆమె యెరుగును.

షార్లెట్ బ్రాంటె 1847 నాటి నవలలో జేన్ ఐర్ అను పేదపిల్లకు పినతండ్రి ఆస్తి 20,000 పౌనులు సంక్రమించినది. ఆమె దానిని తన మేనత్త బిడ్డలు ముగ్గురితో సమముగా పంచుకొని, తనకు 5,000 మాత్రమే ఉంచుకొన్నది. చట్టము అడుగలేదు, ఆమెయే ఇచ్చినది. ఆ పుటను పలుమారులు చదివితిని గాని, మా అక్కగారి పత్రమును సరిదిద్దుటకు నేనింకను పూనుకొనలేదు. ఈ సభలో పైకి చెప్పితిని గనుక ఇక నాకు తప్పదు.

నాకీ లెక్క నేర్పిన గ్రంథాలయమునకు కృతజ్ఞుడను. ఇందలి నవలలను ఆడపిల్లలు చదువుచున్నారు, సంతోషము. వారి తండ్రులును, అన్నదమ్ములును గూడ చదువవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.