మచ్చ లేని దురద

దద్దు లేదు, పొక్కు లేదు, ఎరుపైనా లేదు. గోకిన గీతలు మాత్రం ఉంటాయి. ఇలాంటి దురద ఆరు వారాలు దాటితే వైద్యశాస్త్రం దాన్ని దీర్ఘకాలిక దురదగా లెక్కిస్తుంది. గీతలను చూసి చర్మరోగమనుకోవడం ఇక్కడ తరచు జరిగే పొరపాటు. అవి గోళ్ల పని, రోగం పని కాదు. చెయ్యి అందని నడివీపు నున్నగా ఉందంటే ఆ సంగతి తేలినట్టే.

దురద నడిచే దారిని అర్థం చేసుకోవడానికి దూలగొండి కాయను మించిన పాఠం లేదు. ఆ కాయ మీది నూగులో మ్యూకునైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది హిస్టమిన్ దారిన పోకుండా, చర్మంలోని సన్నని సి-నరతంతువుల్లో వేరే గుంపును తట్టి, వెన్నుపాము మీదుగా మెదడుకు కబురు పంపుతుంది. అందుకే ఆ దురద, హిస్టమిన్‌ను అడ్డుకునే సెట్రిజిన్ జాతి మాత్రలకు పెద్దగా లొంగదు. లోపలి జబ్బుల వల్ల వచ్చే దురద కూడా చాలావరకు ఈ రెండో దారిదే. మెడికల్ షాపు మాత్రలు ఎన్ని మింగినా తగ్గలేదని రోగి అంటే ఆ మాట నమ్మదగినది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ పట్టా పుచ్చుకుని ఈ జిల్లాల ఓపీల్లో కూర్చునే వైద్యుడికి ఎక్కువగా ఎదురయ్యేది చర్మం పొడిబారడమే. చలికాలం, అరవై దాటిన వయసు, సలసల కాగిన నీళ్లు, రుద్ది రుద్ది పెట్టే సబ్బు కలిస్తే పిక్కల దగ్గర మొదలవుతుంది. గోరువెచ్చని స్నానం, ఒళ్లు తడిగా ఉండగానే రాసే నూనె లేదా మాయిశ్చరైజర్ చాలామందికి సరిపోతాయి.

తర్వాతి అనుమానం గజ్జి. మచ్చ లేని దురదల్లో దాన్ని చేర్చడం వింతగా తోచవచ్చు. కానీ శుభ్రంగా స్నానం చేసేవారిలో పొక్కులు ఒకటో రెండో ఉండి చూపు తప్పించుకుంటాయి. రాత్రి ఎక్కువవుతుందా, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా అని అడిగి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చూడాలి.

ఇవేవీ కాకపోతే కారణం లోపల ఉండవచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత ఇక్కడ తిరగబడుతుంది: కాలేయానికి లేని దురద చర్మానికి వస్తుంది. పైత్యరసం పారుదల ఆగితే, కొన్నిసార్లు కళ్లు పచ్చబడక ముందే, అరచేతులూ అరికాళ్లూ దురద పెడతాయి. చివరి నెలల గర్భిణి ఇదే మాట చెబితే, అందులోనూ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే, వేడి చేసిందని పంపేయడం ప్రమాదం. రక్తంలో బైల్ ఆసిడ్లు బాగా పెరిగితే ముప్పు కడుపులోని బిడ్డకు. ఆ ఆసిడ్ల పరీక్షతోపాటు లివర్ పరీక్షా వెంటనే చేయించాలి. మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ చేయించుకునేవారిలోనూ దురద ఎక్కువే. అక్కడ తక్కువ మోతాదు గాబాపెంటిన్ మేలు చేస్తుంది. ఐరన్ లోపం, థైరాయిడ్, షుగర్ కూడా లెక్కలోకి వస్తాయి. స్నానం చేసిన ప్రతిసారీ దురద రేగితే రక్తకణాలు అతిగా పెరిగే పాలిసైథీమియాను, బరువు తగ్గుతూ రాత్రిళ్లు చెమటలు పోస్తుంటే లింఫోమా అనే క్యాన్సర్‌ను తలచుకోవాలి. కొత్తగా మొదలుపెట్టిన మందుల చీటీ చూడటం మరవకూడదు. మానసిక కారణమన్న నిర్ణయం వీటన్నిటి తర్వాతే.

ఒకే చోట, రెక్క ఎముక పక్కనో మోచేతి పైనో, ఏళ్ల తరబడి దురద పెడితే తప్పు నరానిది. తరచు వెన్నుపూసల మధ్య అది నలుగుతుంటుంది. దీనికి వాడే పూతల్లో ఒకటి మహబూబాబాద్ రైతుకు బాగా తెలిసిన పంట నుంచే వచ్చింది. మిర్చి ఘాటు క్యాప్సైసిన్‌ది. నరాల కొసల్లో ఆ ఘాటును పసిగట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021లో ఆయనకు నోబెల్ దక్కింది. క్యాప్సైసిన్ క్రీము మొదట్లో మండిస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఆ నరపు కొసలు మొద్దుబారి దురద సద్దుమణుగుతుంది. రాసిన చేతిని సబ్బుతో కడుక్కోకుండా కంట పెట్టుకుంటే ఏమవుతుందో కల్లంలో మిర్చి ఏరిన ఏ కూలీని అడిగినా చెబుతుంది.